పని వేళల్లో డొమైన్ కంట్రోలర్‌ను రీస్టార్ట్ చేయడం ఎలా?

మా కార్యాలయంలో విండోస్ సర్వర్ 2019పై నడిచే రెండు డొమైన్ కంట్రోలర్లు (లాగిన్‌లను సరిచూసే సర్వర్లు) ఉన్నాయి. రెండింటిలోనూ డీఎన్‌ఎస్ (పేరును బట్టి సర్వర్ చిరునామా చెప్పే సేవ), గ్లోబల్ కేటలాగ్ (లాగిన్ సమయంలో ఖాతాలను వెతికే సూచిక) ఉన్నాయి. రెండవదానిని పగలు రీస్టార్ట్ చేసినా ఎవరికీ తెలియలేదు కానీ, మొదటిదానిని చేసినప్పుడల్లా దాదాపు 6 నిమిషాలపాటు కొత్తగా లాగిన్ అయ్యేవారి తెర నిలిచిపోతోంది. రెండు సర్వర్ల మధ్య సమాచారం నకలయ్యే రెప్లికేషన్‌లో లోపాలు లేవని సరిచూశాను. ఒక్కోటీ ఒకే సర్వర్ చేపట్టే ప్రత్యేక బాధ్యతలైన ఐదు ఎఫ్‌ఎస్‌ఎంఓ పాత్రలనూ ముందే రెండవదానికి మార్చాను. మొదటిదాని ఎస్‌ఆర్‌వీ రికార్డుల (డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో కంప్యూటర్లకు చెప్పే డీఎన్‌ఎస్ నమోదుల) ప్రాధాన్య సంఖ్యను 0 నుంచి 10కి పెంచి (సంఖ్య పెరిగితే ప్రాధాన్యం తగ్గుతుంది), వాటి టీటీఎల్ (పాత జవాబును దాచుకునే గడువు) అయిన 600 సెకన్లు ఆగి మరీ ప్రయత్నించినా ఫలితం మారలేదు. నెట్‌వర్క్ అమరికలను పంచే డీహెచ్‌సీపీ అన్ని కంప్యూటర్లకూ మొదటి సర్వర్‌నే ప్రధాన డీఎన్‌ఎస్‌గా ఇస్తోంది కనుక నా అనుమానమంతా దానిమీదే, అయితే ఆ అమరికల లీజు (అవి చెల్లే కాలం) గడువు 8 రోజులు. రాత్రి షిఫ్టు కూడా ఉన్నందున, రాత్రిపూట చేయమనే సలహా మాకు పనికిరాదు. లీజులు ముగిసేవరకు ఆగకుండా, మొదటి సర్వర్‌ను ఆపే ముందే క్లయింట్లను (ఆ కంప్యూటర్లను) రెండవదానికి మళ్లించే మార్గం ఏమిటి?