ఫొటోలకు పెట్టే పేర్లు ఎక్కడ ఉండాలి: గూగుల్ ఫొటోస్‌లోనా, ఫైల్లోనా?

పాత ఆల్బం:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఫొటోలు 41 వేలు దాటాయి. ఎక్కువ ఫోన్లవి, కొన్ని నా కెమెరావి. వీటికి తోడు ఈ వేసవిలో నాన్నగారి ఆల్బమ్‌లు తొమ్మిది స్కాన్ చేయించాం. పేరో ఊరో సందర్భమో కొడితే ఫొటో దొరకాలి, నాకు కావలసింది అంతే. అన్నయ్యేమో అన్నీ గూగుల్ ఫొటోస్‌లో ఎక్కించెయ్ అంటున్నాడు. నాకు కంప్యూటర్‌లో డిజికామ్ అనే ఉచిత ఫొటో సాఫ్ట్‌వేర్ వేసుకుని కుదురుగా సర్దుకోవాలని ఉంది. పదిహేనేళ్ల తర్వాత కూడా పనికొచ్చే దారి చెప్పండి.

గోదారి గట్టు:
మీ అన్నయ్య మాటే నా మాట. మా అమ్మకు 72 ఏళ్లు. మనవరాలి మొహం మీద వేలు పెడితే చాలు, పుట్టిననాటి నుంచి మొన్నటి సంక్రాంతి దాకా అన్నీ వరసగా వస్తాయి. ట్యాగ్ (వెతకడానికి ఫొటోకు తగిలించే మాట) అంటే ఏమిటో ఆవిడకు తెలియక్కర్లేదు. అయినా 41 వేల ఫొటోలకు కూర్చుని ట్యాగులు పెట్టేదెవరండీ? మొదటి ఆదివారం రెండొందలు పెడతారు, రెండో ఆదివారం యాభై, మూడో వారానికి ఆగిపోతుంది. నేను చూసిన ఇళ్లలో ఇలాగే జరిగింది. 2021 జూన్ 1 నుంచి ఉచితంగా వచ్చేది 15 జీబీయే, అదీ జీమెయిల్, డ్రైవ్‌తో కలిపి. నిజమే. నేను డబ్బు కట్టే వాడుతున్నాను, ఇంట్లోవాళ్లకు అందుతున్నది చూస్తే ఆ ఖర్చు నాకు బరువనిపించలేదు.

డార్క్‌రూమ్:
గోదారి గట్టు గారూ, మీ అమ్మగారి సంగతి కాదనను. ఏ సాఫ్ట్‌వేర్ చూసినా నేను ముందు అడిగేది ఒక్కటే: నేను రాసిన పేరు ఎక్కడ పడుతోంది? ఫొటో ఫైల్లోనా, ఆ సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేస్‌లోనా?

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆరేళ్లపాటు మొహాలకు పేర్లు పెట్టాను. తర్వాత అది ఆగిపోయింది. కొత్త కంప్యూటర్‌లోకి ఫొటోలన్నీ వచ్చాయి, పేరు ఒక్కటీ రాలేదు. మా తాతయ్య దగ్గరుండి చెప్పి రాయించినవి అందులో ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు.

గూగుల్ ఫొటోస్ నుంచి టేకౌట్ అనే గూగుల్ సదుపాయంతో అన్నీ దించుకోవచ్చు. కానీ మీరు రాసిన వివరణ, దిద్దిన తేదీ ఫొటోలోకి రావు. పక్కన జేసన్ అనే విడి టెక్స్ట్ ఫైల్లో వస్తాయి. వాటిని మళ్లీ ఫొటోల్లోకి ఎక్కించాలంటే ఎగ్జిఫ్‌టూల్ లాంటి, కమాండ్లతో నడిచే సాఫ్ట్‌వేర్ పట్టుకుని కుస్తీ పట్టాలి. డిజికామ్‌లోనైతే సెట్టింగ్స్‌లో మెటాడేటా (ఫొటోతోపాటు ఉండే వివరాలు) దగ్గరికి వెళ్లి, ట్యాగులు ఫైల్లోనే రాయమని చెప్పొచ్చు. అక్కడి టిక్కులు చూసుకోకుండా మాత్రం పని మొదలుపెట్టకండి.

తెలుగులో ట్యాగులు పెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఫొటో ఫైల్లో వివరాలు రాసే పాత ఐపీటీసీ పద్ధతిలో ఒక్కో కీవర్డ్‌కు, అంటే ట్యాగుకు, 64 బైట్లే చోటు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటుతో సరిపెట్టుకుంటుంది. కంప్యూటర్ తెలుగును దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికి మూడు, గుణింతపు గుర్తుకు మరో మూడు, ఒత్తుకు ఆరు. "పెద్దమ్మాయి పెళ్ళి రాజమండ్రి" అని రాస్తే 80 బైట్లు. నాది "పెద్దమ్మాయి పెళ్ళి రాజ" దగ్గర తెగిపోయింది. దాని తర్వాత వచ్చిన ఎక్స్‌ఎంపీ పద్ధతిలో ఈ హద్దు లేదు. అయినా పెళ్ళి ఒక ట్యాగు, రాజమండ్రి ఒక ట్యాగు అని చిన్నచిన్నగా విడగొట్టుకుంటే వెతకడానికీ హాయి.

పెళ్ళి ఫొటోలు:
నేను వృత్తిగా తీస్తాను, ఒక్కో పెళ్ళికి నాలుగైదు వేల షాట్లు. లైట్‌రూమ్ క్లాసిక్ అనే అడోబీ సాఫ్ట్‌వేర్ లేకపోతే నాకు పని సాగదు. అందులోనూ ట్యాగులు ముందు దాని సొంత డేటాబేస్ అయిన కేటలాగ్‌లోనే పడతాయి, కంట్రోల్ ఎస్ కొడితేనో, తనంతట తానే రాసే సెట్టింగ్ పెడితేనో ఫైల్లోకో పక్కనున్న ఎక్స్‌ఎంపీ ఫైల్లోకో వెళ్తాయి. ఇంటి ఆల్బమ్‌ల కోసం చందా కట్టమని మాత్రం చెప్పను.

గోదారి గట్టు:
ఫైల్లో రాసేటప్పుడు కరెంటు పోతే? ఒరిజినల్‌ను ముట్టుకోవడమంటేనే నాకు భయం. హార్డ్ డిస్క్ పోతే ఫొటోతోపాటు పేరూ పోతుంది. పైగా మామూలుగా వాట్సాప్‌లో పంపామంటే ఆ ట్యాగులన్నీ దారిలోనే రాలిపోతాయి.

డార్క్‌రూమ్:
ఆ భయం ఉండాల్సిందే. నేను రెండు డిస్కుల్లో కాపీ పెట్టుకున్నాకే మొదలుపెడతాను. రా ఫైళ్లను (కెమెరా నేరుగా ఇచ్చే అసలు ఫైళ్లను) నేనూ ముట్టుకోను, పక్కన ఎక్స్‌ఎంపీ ఫైలు ఉంచుతాను. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టే వెళ్తుంది. అమ్మగారి కోసం గూగుల్ ఫొటోస్‌లో ఒక కాపీ ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

41 వేలకూ ట్యాగులు పెట్టలేరన్న మీ మాట ఒప్పుకుంటున్నాను. పెట్టక్కర్లేదు కూడా. ఫోన్ ఫొటోలకు తేదీ ఫైల్లోనే ఉంటుంది, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఊరూ ఉంటుంది. ఆ తొమ్మిది ఆల్బమ్‌లకు అదేదీ లేదు, తేదీ చూస్తే స్కాన్ చేసిన రోజు ఉంటుంది. మొహాలను ఒకచోట చేర్చడం సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఆ మొహం ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పాలి. పాత ఆల్బం గారూ, మిగతావన్నీ పక్కన పెట్టి ఆ ఆల్బమ్‌లతో మొదలుపెట్టండి.

పాత ఆల్బం:
డిజికామ్ వేశాను. ఈ ఆదివారం నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని 60 ఫొటోలు చేశాం. ఒక గ్రూప్ ఫొటో వెనక నీలం సిరాతో "కోటప్పకొండ తిరునాళ్ల, 1974" అని ఉంది. స్కాన్ చేసినప్పుడు వెనక వైపు తీయనే లేదు. దాన్ని వివరణలో రాసి, తేదీని 1974కి మార్చాను. అందులో చివర నిలబడ్డ అమ్మాయి ఎవరో నాన్నకే తెలియలేదు. జడ ముందుకు వేసుకుని ఉంది. నాయనమ్మ తెర దగ్గరికి వంగి చూసి, "ఆ జడగంటలు నావే, తిరునాళ్లకని అడిగితే ఇచ్చాను" అంది. ఆ వెంటనే పేరు చెప్పింది. రాశాక అదే ఫైలును వేరే కంప్యూటర్‌లో, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. పేరు ఉంది.

రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఓ గంట కూర్చుందాం అంది నాయనమ్మ.