షాపువాళ్లు “బోర్డు పోయింది” అంటే మార్చేయడమేనా?

వరంగల్ పీసీ:
నాది హెచ్61 మదర్‌బోర్డు, మూడో తరం ఐ5. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగిపోతోంది, మళ్లీ దానంతట అదే తిరుగుతోంది. డిస్‌ప్లే లేదు, బీప్ లేదు. షాపులో మూత తీసి చూసి “బోర్డు పోయింది, మార్చాల్సిందే” అన్నారు. చెల్లి ఆన్‌లైన్ క్లాసులకు ఇదే దిక్కు, టెన్షన్‌గా ఉంది. అదే రకం బోర్డు కొనాలా, మొత్తం కొత్త సెట్టా?

కొత్తసెట్టు:
మొత్తం మార్చేయండి. ఆ ప్రాసెసర్ 2012 నాటిది. దానికి విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబరుతో అయిపోయింది. దాని మీద పెట్టే ప్రతి రూపాయీ బూడిదలో పోసిన పన్నీరే.

మల్టీమీటర్:
మార్చడం సంగతి తర్వాత. పోయింది బోర్డేనని ఎవరు తేల్చారు? మూత తీసి చూడటం పరీక్ష కాదు. ఎస్‌ఎంపీఎస్ (అన్ని భాగాలకూ కరెంటు ఇచ్చే పవర్ సప్లై పెట్టె), ర్యామ్, ముందువైపు షార్టయిన యూఎస్‌బీ పోర్టు, వీటిలో ఏది చెడినా ఇలాగే అవుతుంది.

గోడ దగ్గర ప్లగ్గు పీకేయండి. ప్రాసెసర్ పక్కన రెండు పసుపు, రెండు నలుపు వైర్ల కేబుల్ ఉంటుంది, దాన్నీ తీసేయండి. మల్టీమీటరును కంటిన్యుటీలో (రెండు చోట్ల మధ్య నేరుగా దారి ఉంటే బీప్ కొట్టే మోడ్) పెట్టి, బోర్డు మీద పసుపు వైరు కూర్చునే పిన్నునీ నలుపు పిన్నునీ తాకించండి. బీప్ ఆగకుండా మోగితే మాస్‌ఫెట్ (ప్రాసెసర్‌కి వెళ్లే కరెంటును అదుపు చేసే చిన్న స్విచ్ లాంటి భాగం) షార్టయి ఉండొచ్చు. అప్పుడు నేనూ బోర్డునే అనుమానిస్తాను. మోగకపోతే ముందు ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడాలి.

కొత్తసెట్టు:
ఎస్‌ఎంపీఎస్‌కి ఇంత హడావుడి ఎందుకండీ? ఆకుపచ్చ వైరుని నలుపు వైరుకి కలిపితే ఫ్యాన్ తిరుగుతుంది. బాగుందో లేదో తేలిపోతుంది.

మల్టీమీటర్:
తేలదండీ. ఖాళీగా ఉన్నప్పుడు 12 వోల్టులు చక్కగా చూపించి, లోడు పడగానే చతికిలబడేవి ఉంటాయి. బోర్డుకి తగిలించి ఉండగా 11.4 నుంచి 12.6 మధ్య నిలబడాలి. ఇక్కడ ఆన్ అయిన రెండు సెకన్లకే ఆగిపోతోంది కాబట్టి కొలిచే టైమే దొరకదు. మంచిదని తెలిసిన ఎస్‌ఎంపీఎస్ ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూడటమే దారి.

ఇంకో మాట. “ఫ్రెండ్ ప్రాసెసర్ తెచ్చి ఈ బోర్డులో పెట్టి చూడు” అని సలహా ఇస్తుంటారు. దయచేసి వద్దు. పైవైపు (అంటే 12 వోల్టుల లైనువైపు ఉండే) మాస్‌ఫెట్ షార్టయి ఉంటే, ఒకటిన్నర వోల్టు కూడా అక్కర్లేని ప్రాసెసర్ మీదికి నేరుగా 12 వోల్టులు వెళ్తాయి. అరువు తెచ్చిన వస్తువు మన చేతిలో కాలిపోతుంది.

సోల్డర్:
ఒకవేళ మాస్‌ఫెట్టే అయితే చిప్ లెవెల్ రిపేరు (బోర్డు మీది చిన్న భాగాలను విడిగా మార్చడం) చేసేవాళ్లకి చూపించండి. విడిభాగం ఖరీదు తక్కువే, డబ్బులు పనితనానికి. బోర్డు లోపలి ట్రాక్ కాలితే మాత్రం వదిలేయండి, నేనైతే చెయ్యను.

వరంగల్ పీసీ:
మీటరు పెట్టాను, బీప్ రాలేదు. ర్యామ్, హార్డ్ డిస్కు, ముందు యూఎస్‌బీ వైరు తీసి ఆన్ చేసినా అదే వరస. రేపు మా బావ ఎస్‌ఎంపీఎస్ తెస్తున్నాడు.

కొత్తసెట్టు:
దానితో ఆన్ అయితే ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే కొనండి, మంచి కంపెనీది. రేపు కొత్త సెట్టు తీసుకున్నా అదే పనికొస్తుంది. కానీ ఆన్ అవగానే చెల్లి నోట్సు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, అది మాత్రం ఆలస్యం చేయొద్దు.