షిన్‌చాన్ వాళ్ళ నాన్న బూట్ల వాసన సీను: నవ్వించే కార్టూన్‌లో ఇంత బరువు ఎక్కడిది?

చంపావతి_ఒడ్డు:

అందరికీ నమస్తే, విజయనగరం నుంచి రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

షిన్‌చాన్ అనే అల్లరి పిల్లాడి జపాన్ కార్టూన్ అంటే మా ఇంట్లో ఎప్పుడూ తిట్లే. స్కూల్ నుంచి రాగానే హంగామా ఛానల్ పెట్టుకుని కూర్చుంటే మా అమ్మ "ఆ గుంటడు మీకు ఎదవ బుద్ధులు నేర్పించేస్తన్నాడే, ఆపీయండి" అని రిమోట్ లాక్కునేది. వాడు ప్యాంటు దించి డాన్స్ వెయ్యడం, రోడ్డు మీద అందంగా ఎవరు కనపడినా వెనకాల పడడం, వాళ్ళమ్మ రెండు పిడికిళ్ళతో తల నొక్కీడం, వాళ్ళ నాన్న హిరోషి సాక్స్ విప్పితే ఇంట్లోవాళ్ళంతా ముక్కు మూసుకుని పరిగెత్తడం, రోజూ ఇదే వరస. అందులో ఇంకేముంది అంటారు అందరూ.

మొన్న మా పిన్ని కొడుకు సెలవులకి వచ్చాడు, తొమ్మిదేళ్ళు వాడికి. వాడి కోసం షిన్‌చాన్ సినిమా ఒకటి పెట్టాను, 2001లో వచ్చింది, డైరెక్టర్ కెయిచి హారా. పెద్దవాళ్ళంతా పిల్లలైపోయే కథ. (ఇక్కడినుంచి కథ తెలిసిపోద్ది, వద్దనుకునేవాళ్ళు ఆగిపోండి.) ఊళ్ళో 20వ శతాబ్దం ఎగ్జిబిషన్ అని ఒకటి పెడతారు, పాత ఇళ్ళు, పాత కార్లు, పాత టీవీ ప్రోగ్రాములు, అన్నీ పెద్దవాళ్ళ చిన్నప్పటివే. వాళ్ళకి అదొక పిచ్చి పట్టీసి వంట మానేస్తారు, ఆఫీసులు మానేస్తారు, ఒకరోజు పొద్దున్న లారీలు వస్తే పిల్లల్ని వదిలేసి ఎక్కి వెళ్ళిపోతారు. పాత రోజుల వాసన ఒకటి తయారుచేసి వదులుతుంటారు, దాని మత్తు అది. షిన్‌చాన్ వెతుక్కుంటూ వెళ్తే వాళ్ళ నాన్న చిన్నపిల్లాడైపోయి, 1970 ఒసాకా ఎక్స్‌పోలో చందమామ రాయి చూస్తానని ఏడుస్తూ ఉంటాడు. కొడుకుని గుర్తుపట్టడు.

అప్పుడు షిన్‌చాన్ ఏం చేస్తాడంటే వాళ్ళ నాన్న బూటు తీసి ముక్కు దగ్గర పెడతాడు. అంతే. మా పిల్లాడు పకపకా నవ్వాడు, నేనూ నవ్వాను. నవ్వు ఇంకా నోట్లో ఉండగానే హిరోషి జీవితం మొత్తం కళ్ళముందు నడుస్తుంది. నాన్న సైకిల్ వెనక కూర్చున్న పిల్లాడు పెద్దవుతాడు, ప్రేమలో దెబ్బ తింటాడు, ఊరు వదిలి టోక్యో వెళ్తాడు, ఆఫీసులో తిట్లు తింటాడు, ఎండలో చెమటలు కక్కుకుంటూ తిరుగుతాడు, పెళ్ళి, కొడుకు పుట్టడం, రాత్రి పొద్దుపోయి ఇంటికి రావడం. మాటలు లేవు, సంగీతం ఒక్కటే. అయ్యేసరికి హిరోషి ఏడుస్తున్నాడు, నేను కూడా.

మా నాన్న జూట్‌మిల్లులో చేసేవారు. షిఫ్టు దిగి వస్తే చొక్కాకి జనపనార పీచు అంటుకుని ఉండేది, నారకి పట్టించే నూనె వాసన గదంతా నిండిపోయేది, సబ్బుతో ఎంత రుద్దినా చేతులకి వదిలేది కాదు. మేం ముక్కు మూసుకుని నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు. ఆ సీను చూసిన దగ్గర్నుంచి అదే తిరుగుతోంది బుర్రలో.

అడగాల్సింది ఏటంటే, ఇది ఆ ఒక్క సినిమాలో డైరెక్టర్ గొప్పతనమా, లేకపోతే సీరీస్‌లోనే ముందునుంచీ ఇదంతా ఉందా? ఇంకొకటి, నాన్నకి చూపించాలని ఉంది, ఆయన ఎప్పుడూ కార్టూన్ చూసిన మనిషి కాదు, మధ్యలో లేచి వెళ్ళిపోకుండా ఎక్కడినుంచి పెట్టమంటారు?

ఏడురోడ్ల_జంక్షన్:

చెల్లీ, ముందునుంచీ ఉంది. షిన్‌చాన్ పిల్లల కోసం పుట్టిన బొమ్మ కాదసలు. యొషితో ఉసుయి 1990లో బొమ్మల కథగా మొదలుపెట్టింది పెద్దవాళ్ళు చదివే వీక్లీలో, టీవీకి వచ్చింది 1992 ఏప్రిల్‌లో. అందుకే చూడు, ఆ ఇంట్లో జోకులు సగం పిల్లలకి అర్థమయ్యేవి కావు. హిరోషికి 35 ఏళ్ళు, కంపెనీలో చిన్న ఆఫీసరు, ఇంటి లోను ఇంకా 32 ఏళ్ళు కట్టాలి. వాళ్ళమ్మ మిసాయెకి 29, డిస్కౌంట్ సేల్ అంటే పరుగు, హిరోషి జేబు ఖర్చులు కూడా ఆవిడ లెక్కపెట్టే ఇస్తది. చిన్నప్పుడు మనం షిన్‌చాన్ వైపు నుంచి నవ్వాం. ఉద్యోగంలో చేరి, నెల చివర్న బ్యాంకు మెసేజ్ చూసుకుంటా అదే ఎపిసోడ్ చూస్తే ఆ 32 ఏళ్ళ లోను జోకు వేరేగా తగుల్తాది.

ఇంక ఆ బూటు సంగతి. నాకైతే అది ఒట్టి సెంటిమెంట్ సీను కాదు, రాసినోళ్ళు చాలా ఆలోచించి పెట్టింది. సాక్స్ కంపు జోకు టీవీలో ఏళ్ళ తరబడి నడిచింది. చూసేవాడికి అది ఒంట్లోకి ఎక్కిపోయింది, హిరోషి పాదం కనపడితే చాలు నవ్వు తన్నుకొస్తది. అదే జోకు పట్టుకొచ్చి సినిమా మొత్తానికి తాళంచెవి చేసీసారు. విలన్లు వదిలేది పాత రోజుల వాసన, కమ్మగా ఉంటది, అందులో కష్టం లేదు, లోను లేదు, బాసు లేడు. దాన్ని విరగ్గొట్టాలంటే ఇంకో వాసనే కావాలి, అది హిరోషి తిరిగిన రోడ్లది, నిలబడిన రైళ్ళది. ఇన్నాళ్ళూ మనం నవ్విన ఆ కంపు ఆ మనిషి ఇంటికోసం పడిన చాకిరీ అని అక్కడ తెలుస్తది. ఎక్కడినుంచో కొత్త విషాదం తెచ్చి పెట్టలేదు, మన చేతిలో ఉన్న నవ్వునే తిప్పి చూపించారు. అందుకే అంత లోపలికి దిగుద్ది.

చివర్లో ఇంకొకటి గమనించావా, విలన్ల నాయకుడు కెన్ పక్కనుండే చాకో షిన్‌చాన్‌ని అడుగుతుంది భవిష్యత్తు నీకెందుకురా అన్నట్టు. వీడు చెప్పేది, అమ్మ నాన్న చెల్లి కుక్క అందరితో ఉండాలని, కొట్టుకున్నా కోపాలొచ్చినా కలిసే ఉండాలని, పెద్దవాడై అందమైన అక్కలతో తిరగాలని. అమ్మాయిల పిచ్చి జోకు కూడా అక్కడ పనికొచ్చింది. మామూలు ఎపిసోడ్లో మీ అమ్మ రిమోట్ లాక్కునే మాట, అక్కడ బతకాలని ఉన్న పిల్లాడి మాట.

మన దగ్గర 2008లో ఈ సీరీస్‌ని పిల్లలు చెడిపోతారని ఆపేశారు, తర్వాత మళ్ళీ వచ్చింది. ఆపినోళ్ళు ఈ సినిమా చూసుంటే బాగుణ్ణు.

గరివిడి_కుర్రోడు:

అన్నా నేను ఒప్పుకోను. సినిమా గొప్పది, అందులో రెండో మాట లేదు, కానీ దాని పేరు చెప్పి సీరీస్ మొత్తానికి లోతు ఉంది అంటే ఎలా? వందల ఎపిసోడ్లు ఒట్టి అల్లరే, అయిపోగానే ఏం గుర్తుండదు. హారా తీసినవి పక్కన పెడితే మిగతా సినిమాల్లో చాలావాటికి ఆ స్థాయి లేదు. పేరు రావాల్సింది సీరీస్‌కి కాదు, ఆయనకి. మరుసటి ఏడాది 2002లో ఆయనే తీసిన యుద్ధాల కాలం సినిమా చూడండి, షిన్‌చాన్ 1574కి వెళ్ళిపోతాడు, మతబెయ్ అనే సమురాయ్‌తో స్నేహం, చివర్లో ఆ మనిషి చచ్చిపోతాడు. దానికి జపాన్ మీడియా ఆర్ట్స్ ఫెస్టివల్‌లో యానిమేషన్ గ్రాండ్ ప్రైజ్ వచ్చింది, తర్వాత 2009లో మనుషులతో మళ్ళీ తీశారు కూడా.

కామెడీ లోపల బరువు సీరీస్‌లోనే కావాలంటే గింటామా అనే ఇంకో జపాన్ కార్టూన్ చూడాలి. కథ హిదెయాకి సొరాచిది, టీవీలో 2006 నుంచి, 367 ఎపిసోడ్లు. మొదట్లో ఒట్టి బూతు జోకులు, అరుపులు, అద్దె ఎగ్గొట్టే హీరో. ఆ అద్దె జోకు వెనక ఏముందో తెలుసా? యుద్ధం నుంచి ఆకలితో వచ్చి సమాధి దగ్గర కూలబడ్డ ఆ హీరో గింతోకి, పక్కన ముసలావిడ భర్త సమాధికి పెట్టిన మంజూ తినేస్తాడు, మన బూరెల్లాంటివి అవి. తిన్నందుకు మీ ఆయన బదులు నిన్ను నేను కాపాడతానని మాటిస్తాడు. ఆవిడే ఇంటి ఓనరు ఒతోసె. అద్దె కోసం రోజూ తిట్టుకునే ఇద్దరి మధ్య ఉన్నది ఆ మాట. ఇది సీరీస్ లోపలే ఉంది, సినిమా దాకా ఆగక్కర్లేదు.

ఏడురోడ్ల_జంక్షన్:

తమ్ముడూ గింటామా మీద నాకూ ప్రాణమే, ఒతోసె కథ ఎన్నిసార్లు చూసినా అంతే. కానీ నువ్వు చెప్పిందే నా మాట కదరా. అద్దె జోకు ముందు లేకపోతే ఆ మంజూకి అంత విలువ వచ్చేదా? హారా గొప్పోడే, కాదనను, కానీ ఆయన బూటు తీసుకున్నది ఆ అల్లరి ఎపిసోడ్లలోంచే. ఇదే సీను ముక్కూమొహం తెలియని కొత్త కుటుంబంతో తీస్తే బాగుందిలే అనుకుని లేచిపోతాం.

ఉసుయి కూడా తక్కువోడు కాదు. ఆయన బొమ్మల కథల పుస్తకాల్లో షిన్‌చాన్ స్కూల్లోని మత్సుజకా టీచర్ సంగతి చదువు. పెళ్ళి కావట్లేదని అందరూ ఆటపట్టించే మనిషి ఆవిడ, ఎముకల పిచ్చి ఉన్న తొకురో అనే అతను దొరుకుతాడు, అదీ కామెడీగానే నడుస్తది. అతను తవ్వకాలకి వేరే దేశం వెళ్ళి బాంబు పేలుడులో చచ్చిపోతాడు. నవ్వించడానికే ఉందనుకున్న మనిషికి అంత దుఃఖం ఇచ్చింది ఉసుయే, హారా కాదు. ఆ ఉసుయి కూడా 2009లో కొండ మీంచి పడి చనిపోయారు.

పలాస_పాసింజర్:

నాది పలాస దగ్గర పల్లె, చెన్నైలో సెంట్రింగ్ పని. మా వైపు ఇంటికొకళ్ళు ఇలా బయటే ఉంటారు. చదువుకున్న మాటలు నాకు రావు గానీ ఒకటి చెప్పాలనిపించింది.

హిరోషి ఊరు అకితా, అక్కడినుంచి టోక్యో వైపు వచ్చి కసుకబేలో ఇల్లు కట్టుకున్నాడు. ఊరు వదిలి వచ్చినోడే. వాడిని పాత వాసన లాగుతుంటే నాకు వింత అనిపించలేదు, మాకు రోజూ లాగుద్ది. రూంలో ఎవడైనా ఊరినుంచి జీడిపప్పో సున్నుండలో తెస్తే మూత తియ్యగానే ఒక్క నిమిషం ఎవడూ మాట్లాడడు. విలన్లు చెడ్డోళ్ళలా కనపడలేదు నాకు అందుకే. హిరోషి తెలివొచ్చాక కూడా ఆ పాత వీధిలో ఏడుస్తాడు, ఆగిపోవాలని ఉంటది వాడికి, బూటు మళ్ళీ వాసన చూసుకుని ముందుకెళ్తాడు. ఆ రెండోసారి వాసన చూడ్డం ఎవరూ చెప్పట్లేదేటి? నాకు మొదటి దానికంటే అదే ఎక్కువ. మొదటిసారి కొడుకు చూపించాడు, రెండోసారి తనే చూసుకున్నాడు.

కెన్ ఎదురుగా నిలబడి నా బతుకు చప్పగా లేదు, ఇల్లూ పిల్లలూ ఉన్న సుఖం నీక్కూడా పంచాలనుంది అన్నట్టు అంటాడు చూడండి. కార్టూన్ మనిషి అన్న మాట అది. నేను మా ఇంటిదానికి ఫోన్ చేసి మాట్లాడాను ఆ రాత్రి.

చెల్లీ మీ నాన్నగారికి చూపించండి. తప్పకుండా చూపించండి.

బొబ్బిలి_మాస్టారు:

అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని, మనవడితో కూర్చుని ఈ షిన్‌చాన్ చూసేవాణ్ణి. చర్చ బాగుంది, ఒక మాట కలుపుతాను.

మా చిన్నప్పుడు తీర్థాల్లో బుర్రకథ అంటే రాత్రంతా కూర్చునేవాళ్ళం. నడుమ కథకుడు తంబురా పట్టుకుని, అటూ ఇటూ వంతలు డక్కీలతో. ఒకడు రాజకీయం చెప్పేవాడు, ఒకడు హాస్యగాడు. హాస్యగాడు పిచ్చి ప్రశ్నలు వేసేవాడు, కథకుడు తిట్టేవాడు, జనం పొట్టపట్టుకు నవ్వేవారు. తీరా వీరుడు పడిపోయే ఘట్టం వచ్చేసరికి అదే హాస్యగాడు గొంతు మార్చి "అయ్యో" అనేవాడు. కథకుడు ఎంత పాడినా తడవని కళ్ళు వాడి ఒక్క మాటకి తడిసేవి. అంతసేపూ నవ్వించాడు కాబట్టి వాడు మన మనిషైపోయాడు, వాడికి నొప్పి వస్తే మనకి వచ్చినట్టే. ఆ హిరోషి చేసిందీ అదే పని అని నాకు అనిపిస్తుంది.

గరివిడి అబ్బాయి అన్నదాంట్లో న్యాయం ఉంది, అన్ని ఎపిసోడ్లూ గొప్పవి కావు. కాకపోతే రోజూ వచ్చి నవ్వించి పోయేవాడితో ఏర్పడే చనువు, ఏడాదికి ఒకసారి వచ్చే మనిషితో రాదు. ఆ పసలేని ఎపిసోడ్లు చేసిన పని అది.

చంపావతి_ఒడ్డు:

అందరికీ చాలా థ్యాంక్స్. పలాస అన్నా, రెండోసారి వాసన చూడడం నేను పట్టించుకోలేదు, రాత్రి మళ్ళీ పెట్టుకుని చూశాను, మీరన్నది నిజం. మాస్టారూ, మా నాన్నకి బుర్రకథ పిచ్చి, మీ మాట చదివి వినిపించాను, హాస్యగాడి దగ్గరకి వచ్చేసరికి తల ఊపారు. ఆదివారం కూర్చుందాం అన్నారు. ఇంతకీ ఎక్కడినుంచి పెట్టను, అది చెప్పలేదు ఎవరూ.

ఏడురోడ్ల_జంక్షన్:

నేరుగా సినిమా పెట్టొద్దు చెల్లీ. బూటు జోకు తెలియకపోతే ఆయనకి ఆ సీను సగమే అందుతాది. హిరోషి ఆఫీసు నుంచి వచ్చే మామూలు ఎపిసోడ్లు కొన్ని ముందు చూపించు, సాక్స్ విప్పేవి ఏరుకుని పెట్టు, భోజనాల టైంలో పక్కన నడుస్తా ఉంటే చాలు. చూడకపోయినా వింటారు. తర్వాత సినిమా మొదటినుంచీ పెట్టు, ఎగ్జిబిషన్ భాగం కోసి ముందుకి తిప్పకు. 1970 ఎక్స్‌పో గురించి మాత్రం ముందే ఒక మాట చెప్పు, ఆరు నెలలు నడిచింది, ఆరు కోట్లకి పైగా జనం వచ్చారు, అమెరికా వాళ్ళ మంటపంలో చందమామ మీంచి తెచ్చిన రాయి చూడ్డానికి గంటలకొద్దీ క్యూలు. అది తెలిస్తే ఆ పిల్లాడు రాయి కోసం ఎందుకేడుస్తున్నాడో ఆయనకి అర్థమవుద్ది.

గరివిడి_కుర్రోడు:

అక్కా, 2002 సినిమా కూడా నాన్నగారికి నచ్చుద్ది, యుద్ధం, కోట, మాట నిలబెట్టుకోడం అన్నీ ఉన్నాయి. మీ పిన్ని కొడుక్కి పెట్టేముందు మాత్రం మీరొకసారి చూసుకోండి, షిన్‌చాన్ సినిమాలో మనిషి చచ్చిపోతాడని వాడు అనుకోడు కదా. రాత్రి పడుకునేముందు వద్దు, పగలు పెట్టండి.