బెల్టు షాపు ఒకటి, అర్జీలు మూడు: సంఘాలు కలిసేదెలా?

కలువ (ప్రకాశం జిల్లా):
మా ఊరి బస్టాపు పక్కనే బెల్టు షాపు, అంటే లైసెన్సు లేకుండా మందు అమ్మే కొట్టు. తెల్లారేసరికి తెరిచి ఉంటుంది. మగవాళ్ల కూలి డబ్బు ఇంటి దాకా రావడం లేదు. అడిగేవాళ్లు లేక కాదు. డ్వాక్రా గ్రామ సంఘం ఉంది, వ్యవసాయ కూలీల సంఘంలో ఆడవాళ్లున్నారు, చర్చి మహిళా సమాజం ఉంది. ఎవరికి వాళ్లు అర్జీలు ఇచ్చారు. కలిసి వెళ్దామంటే ఎవరి బ్యానర్ ముందుండాలన్న దగ్గరే మాట తెగిపోతోంది. ఇలాంటి పని కలిసి చేసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

అక్షరదీపం (నెల్లూరు):
కలువగారూ, 1991లో మా జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో నేను వాలంటీరుని. రాత్రి బడిలో సారా గురించిన పాఠం వచ్చిందంటే ఇక చదువు ఆగి మాటలు మొదలయ్యేవి. ఆ ఆడవాళ్లే తర్వాత తిరగబడ్డారు. ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన దూబగుంట ఊరి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1992లో జిల్లాలో సారా అమ్మే హక్కు కోసం జరిగే వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్.

అందులో జన విజ్ఞాన వేదిక, మహిళా సంఘాలైన ఐద్వా, పీవోడబ్ల్యూ, ఇంకా ఎన్నో సంఘాలున్నాయి. రాజకీయంగా ఒకరికొకరికి పడదు. అయినా నడిచింది. నేను చూసినంతలో కారణం ఇదీ: ఊళ్లో నిర్ణయం ఊరి ఆడవాళ్లదే. సారా బండిని ఎక్కడ ఆపాలో, ప్యాకెట్లు ఏం చేయాలో బయటివాళ్లు చెప్పలేదు. కేసులు పెడితే వకీలును చూడటం, పత్రికలకు వార్త చేర్చడం, పక్క ఊళ్లకు కబురు పంపడం, ఇవీ బయటి సంఘాల పనులు. డిమాండు కూడా ఒక్కటే, మా ఊళ్లో సారా వద్దని. మిగతా అన్నిటి మీదా ఏకాభిప్రాయం కుదిరాకే కదులుదామనుకుని ఉంటే ఒక్క దుకాణం కూడా మూతపడేది కాదు.

దూబగుంటలో ముందు నిలిచిన రోశమ్మగారి పేరు అందరికీ తెలుసు. కానీ చాలా ఊళ్లలో ముందు నిలబడింది దళిత, వెనకబడిన కులాల కూలీ ఆడవాళ్లు. మీరు మీటింగు పెడితే వాళ్లు పని నుంచి వచ్చి, వంట ముగించాకే పెట్టండి. పగలు పదకొండింటికి పెడితే ఎవరొస్తారో మీకే తెలుసు.

తుంగ (కర్నూలు):
నేను గ్రామ సంఘం లీడరుని. మా లోన్లన్నీ డ్వాక్రా సంఘాలను చూసే ప్రభుత్వ వెలుగు ఆఫీసు ద్వారానే నడుస్తాయి. అందుకే సంఘం పేరుతో తీర్మానం రాయమంటే చాలామంది వెనకాడతారు. దయచేసి దాన్ని పిరికితనం అనకండి, వాళ్ల భయానికి కారణం ఉంది. మేం ఊరి మహిళలుగా సంతకాలు చేసి, గ్రామసభలో తీర్మానం పెట్టించాం. ఊళ్లో ఓటున్న ఎవరైనా అక్కడ మాట్లాడొచ్చు. కాగితం పైన ఊరి పేరే రాశాం. బ్యానర్ గొడవ దాంతో పోయింది.

కలువ:
తుంగక్కా, గ్రామసభ మాట చెబితే చర్చివాళ్లూ సరేనన్నారు. కానీ ఎక్సైజ్ స్టేషన్లో అర్జీకి రసీదు ఇవ్వరట?

తుంగ:
అడగండి. ఇవ్వనంటే స్పీడ్ పోస్టులో పంపి, కాపీని సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. షాపును ఇంకోచోటికి మార్చమని రాయొద్దు. అది లైసెన్సు లేని అమ్మకం, కేసు పెట్టమని రాయండి. మూడు సంఘాల నుంచీ తలా ఒకరైనా వెళ్లండి.