అప్‌డేట్: బ్యాకప్ లైన్ ఇప్పుడు దానంతటదే అందుకుంటోంది

మెయిన్ ఇంటర్నెట్ ఫైబర్ పోయినా మా ఆఫీసు సిస్కో రౌటర్ రెండో లైన్‌కి మారట్లేదని అడిగాను కదా, కారణం దొరికింది. మెయిన్ డిఫాల్ట్ రూట్ (బయటికెళ్లే ట్రాఫిక్‌కి మామూలు దారి) డిస్టెన్స్ (ఏ దారికి ముందు ప్రాధాన్యమో చెప్పే అంకె) 1, బ్యాకప్‌ది 200, తక్కువ ఉన్నదే గెలుస్తుంది, అక్కడ తేడా ఏమీ లేదు. కానీ ఫైబర్ తెగేది మోడెమ్ అవతల, ఇటువైపు పోర్ట్ లైటు పచ్చగానే ఉంటుంది, పోర్ట్ పడిపోనంతవరకు మెయిన్ రూట్ రౌటర్ దారుల పట్టికలోంచి (రూటింగ్ టేబుల్) కదలదు, బ్యాకప్‌కి అవకాశమే రాదు!

మీరు చెప్పినట్టే ఐపీ ఎస్ఎల్ఏతో (లైన్ పనిచేస్తోందో లేదో రౌటరే పరీక్షించే ఫీచర్) 8.8.8.8కి (గూగుల్ డీఎన్ఎస్ సర్వర్) పింగ్ పెట్టి, మెయిన్ రూట్‌ని ఆ పింగ్‌ని గమనించే ట్రాక్‌కి కట్టాను, జవాబు ఆగితే ఆ రూట్ తప్పుకుంటుంది. ఇది చేసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి, 8.8.8.8కి మెయిన్ లైన్ మీదుగా /32 రూట్ (ఆ ఒక్క అడ్రస్‌కే దారి) విడిగా వేయాల్సిందే, లేకపోతే పింగ్ బ్యాకప్‌లోంచి వెళ్లొచ్చి మెయిన్ బాగైందనుకుని రూట్లు అటూ ఇటూ మారుతూనే ఉంటాయి. నిన్న మోడెమ్ వెనక ఫైబర్ పీకి చూశాను, కాసేపట్లోనే బ్యాకప్ అందుకుంది. చాలా థ్యాంక్స్ అండీ.