అహోబిలం కొండల చుట్టు నడకలో ఉగ్రస్తంభాన్ని కూడా కలపవచ్చా?

తుంగభద్ర (కర్నూలు): డిసెంబరులో ఒక ఆదివారం ఎగువ అహోబిలంలో బయలుదేరి, భవనాశిని వాగు వెంట వరాహ, జ్వాలా నరసింహుల గుళ్లు చూసుకొని, మాలోల నరసింహుని గుడి, ప్రహ్లాద బడి మీదుగా తిరిగి ఎగువ గుడికి చేరాలనుకుంటున్నాము. మాలో ఇద్దరు అరవై దాటినవారు. జ్వాల దాకా ఎక్కి, ఆ పైన కొండకొమ్మున ఉన్న ఉగ్రస్తంభమనే బండను చూడకుండా దిగితే సగం యాత్రే అవుతుందని కొందరు, ఒక్క పగటిలో అది కుదరదని ఇంకొందరు వాదిస్తున్నారు. సభ్యులు ఏమంటారు?

కుందూ తీరం (నంద్యాల): కలపవచ్చు, అయితే ముందురాత్రి దిగువ అహోబిలంలో బస చేసినవారు మాత్రమే. తెల్లవారుజామున కర్నూలులో కారెక్కి, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా వచ్చి, దిగువ గుడిలో దర్శనమూ ఫలహారమూ ముగించి, మరో 8 కిలోమీటర్లు పైకి చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. అప్పుడు ఉగ్రస్తంభం ఊసెత్తడం వృథా. తెలతెలవారుతుండగా ఎగువ గుడి దగ్గర నడక మొదలుపెడితే సమయం సరిపోతుంది, ఆ నెలలో ఎండ బాధ కూడా ఉండదు.

పాలకొండలు (కడప): కుందూ తీరం గారు సమయం లెక్క చెప్పారు, నా అభ్యంతరం దారి గురించి. జ్వాల వరకు మెట్లూ బాటా ఉన్నాయి, పెద్దవారికి డోలీ దొరుకుతుంది. ఆ పైన ఉగ్రస్తంభానికి వెళ్లాలంటే బండలకు చేతులు ఆనించి ఎక్కవలసిన చోట్లున్నాయి, దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఇంకా ఎక్కువ. బంగాళాఖాతంలో వాయుగుండమేదైనా పట్టి వాన కురిస్తే ఆ బండల మీద కాలు నిలవదు. గరుడాద్రి, వేదాద్రి రెండు వైపులా ఎత్తుగా ఉన్నందున అస్తమయానికి ముందే లోయలో నీడ కమ్ముకుంటుంది, నల్లమలలో ఎలుగుబంట్లూ చిరుతలూ కదిలే వేళ అదే. ఇక సగం యాత్ర అన్న మాటకు ఆధారమే లేదు. నవ నారసింహ క్షేత్రాల తొమ్మిదింటిలో ఉగ్రస్తంభం లేదు, మాలోల ఉంది. పైకెక్కి ఆలస్యమై మాలోలను వదిలేసి వచ్చినవారిదే నిజానికి సగం యాత్ర.

కుందూ తీరం: తొమ్మిదింటిలో లేదన్నది నిజమే. కానీ స్వామి స్తంభం చీల్చుకొని వచ్చిన చోటని నమ్మి ఎక్కేవారికి ఆ లెక్క అడ్డురాదు. పెద్దలు జ్వాల నుంచి నేరుగా మాలోలకు వెళ్లి, తక్కినవారు స్థానికుణ్ణి ఒకరిని వెంటబెట్టుకొని పైకెక్కితే ఎవరి కోరికా చెడదు గదా?

పాలకొండలు: అలాగైతే ఒప్పుకుంటాను, కానీ ఆ లోయలో సెల్‌ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేము కనుక రెండు జట్లు ఎక్కడ, ఎన్ని గంటలకు కలుసుకోవాలో జ్వాల దగ్గరే తేల్చుకోవాలి. పదిన్నరలోగా జ్వాలకు చేరకపోతే ఎవరూ పైకి వెళ్లకూడదు. దారి చూపేవారు పెద్దల జట్టుకూ అవసరమే. సాధారణంగా పడుచువాళ్ల జట్టుకే ఆ సాయం పెట్టుకొని పెద్దలను వదిలేస్తారు.

తుంగభద్ర: పదిన్నర గడువుకు మావాళ్లందరూ సరేనన్నారు. పావన నరసింహుని గుడి వేరే దిక్కున ఉంది కనుక దాన్ని ఈసారికి వదిలేశాము. శనివారం రాత్రికి దిగువలో గదులు దొరికితేనే ఉగ్రస్తంభం, దొరకకపోతే అందరమూ జ్వాల నుంచి మాలోలకే.