మందులు వేసుకుంటే బొమ్మలు పోతాయా?

గంటస్తంభం కుర్రోడు:
అందరికీ నమస్తే, మాది విజయనగరం. పగలు బట్టల షాపులో పని, రాత్రి బొమ్మలు. ఏడాది పైనుంచి మనసేం బాగోట్లేదు, నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, కానీ బొగ్గు పట్టుకుంటే మాత్రం చెయ్యి ఆగదు. అన్నీ ఒకటే రకం, గోడ వైపు తిరిగి కూర్చున్న ఒక ఆడమనిషి, వీపు మీద చీర ముడతలు ఒక్కొక్కటీ గీస్తాను, మొహం మాత్రం వెయ్యాలనిపించదు. అమ్మ చూసి "ఈ దెయ్యం బొమ్మలేట్రా ఇంట్లోన" అంటాది. పోయిన వారం డాక్టర్ గారు డిప్రెషన్ అని మందులు రాసారు. మా ఫ్రెండేమో బాధ పోతే బొమ్మ కూడా పోద్ది, ఆ డచ్ పెయింటర్ వాన్‌గో అలాగే కదా వేసాడు అంటన్నాడు. ఇంకా మొదలెట్టలేదు. బొమ్మలేసే వాళ్ళు చెప్పండి.

డ్రాయింగ్ మాస్టారు, శ్రీకాకుళం:
బాబూ, వాన్‌గో పేరు చెప్పి మందులు మానిపించడం చాలా తప్పు. 1889 మేలో ఆయన తనంతట తానే ఫ్రాన్స్‌లో సెయింట్ రెమీ మానసిక ఆస్పత్రిలో చేరాడు, నక్షత్రాల రాత్రి బొమ్మ జూన్‌లో వేసాడు, అంటే కాస్త కుదుటపడిన రోజుల్లో. జూలైలో మళ్ళీ జబ్బు తిరగబెడితే రంగులు మింగేసాడు, వాటిని దగ్గర ఉంచకుండా తీసేసారు, కొన్ని వారాలు బ్రష్షే పట్టలేదు. బాధ ఆయనకి ఏం వెయ్యాలో ఇచ్చిందేమో, చెయ్యి మాత్రం నిలకడగా ఉన్నప్పుడే ఆడింది. నార్వే పెయింటర్ మంక్ సంగతీ అంతే. చిన్నప్పుడే తల్లినీ తర్వాత అక్కనీ క్షయ తీసుకుపోయింది, ఆ అక్క మంచం దృశ్యం ఎన్నిసార్లు వేసాడో. 1893లో ఆ పేరున్న కేక (ది స్క్రీమ్) బొమ్మ వేసాడు. నీ ఫ్రెండ్ అన్నట్టే ఆ బాధ లేకపోతే నా కళ లేదు అనుకున్న మనిషే, అయినా 1908లో కోపెన్‌హాగన్‌లో ఆస్పత్రిలో చేరి నెలల తరబడి వైద్యం చేయించుకున్నాడు. ఆ తర్వాత ఓస్లో యూనివర్సిటీ హాల్లో గోడ నిండా సూర్యుణ్ణి వేసాడు, ఎనభై ఏళ్ళు బతికాడు, చివరిదాకా వేస్తూనే ఉన్నాడు. కొందరు విమర్శకులు పాత పదును తగ్గిందంటారు, నాకైతే ఆ సూర్యుడి బొమ్మ చూస్తే అలా అనిపించదు.

కొండగాలి:
మాది సీతంపేట వైపు. మా దగ్గర సవర గిరిజనుల ఇళ్ళల్లో ఎర్రమట్టి గోడ మీద తెల్లగా బియ్యప్పిండితో ఎడిసింగి బొమ్మలేస్తారు కదా, జబ్బు చేసినా, పోయిన పెద్దల కోసమైనా వేస్తారు. జబ్బు పోవాలనే అక్కడ బొమ్మ వేస్తారు, బొమ్మ ఉండాలని జబ్బుని ఎవరూ దాచుకోరు. మీ అమ్మకి దెయ్యం అని ఎందుకనిపించిందో ఒకసారి అడుగు, కోప్పడకుండా. ఆ ముడతలు ఆవిడవేనేమో.

రెండేళ్ళుగా మందులు:
నేను వాటర్‌కలర్ వేస్తాను, మందుల మీద ఉన్నాను. నిజం చెప్తాను, మొదట్లో అంతా మొద్దుబారినట్టు ఉండేది, బొమ్మ ముందు కూర్చుంటే ఏమీ తోచేది కాదు, ఇది అందరికీ రాదు కానీ వస్తే మాత్రం నీ అంతట నువ్వు ఆపీకు, డాక్టర్‌కి చెప్పు, నాకు డోసు మార్చారు. పని చెయ్యడానికి కొన్ని వారాలు పడతాది, రెండు రోజులకే తేల్చీకు. ఇప్పుడు బొమ్మ మొదలెట్టి పూర్తి చేస్తన్నాను, అప్పుడు సగంలోనే చింపేసేదాన్ని. చచ్చిపోవాలనే ఆలోచన గానీ వస్తే రాత్రయినా పగలయినా 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అని మనసు బాగోని వాళ్ళకి సర్కారు వారి ఫోన్ సాయం, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

డ్రాయింగ్ మాస్టారు, శ్రీకాకుళం:
ఇంకోటి, డాక్టర్ గారికి ఆ బొమ్మలు చూపించావా? మాటల్లో చెప్పలేనిది చాలావరకు అందులోనే ఉంటాది. మొహం వెయ్యమని నిన్నెవరూ బలవంతం చెయ్యక్కర్లేదు, వీపుతోనే అంతా చెప్పొచ్చు.

గంటస్తంభం కుర్రోడు:
చూపించలేదండి, సిగ్గేసింది. ఈసారి అక్కని తోడు తీసుకుని పట్టుకెళ్తాను, మందులు కూడా మొదలెడతాను. మాస్టారూ, చుట్టేసరికి బొగ్గంతా రాలిపోతంది, రాలకుండా కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే మన ఊళ్ళో దొరకట్లేదు, ఏం చెయ్యమంటారు?

డ్రాయింగ్ మాస్టారు, శ్రీకాకుళం:
చుట్టకు బాబూ. రెండు అట్టల మధ్య పెట్టి, ఒక్కో బొమ్మ మీద బటర్ పేపర్ వేసి క్లిప్పులు పెట్టు, బస్సులో కూడా చెదరదు.